పండుటాకులో ప్రాణవాయువు

నర్మాల దగ్గర మానేరు మీద నిజాం కాలంలో కట్టిన ఎగువ మానేరు ప్రాజెక్టు కింద, గంభీరావుపేట మండలంలో, యాసంగి వరి ఏప్రిల్ నెలలో కోతకు దగ్గరపడుతుంది. ఆ రోజుల్లో ఒక్క వరి మొక్కను కింది నుంచి పైదాకా పరికిస్తే ముసలితనం ఎలా పాకుతుందో ఒకే కాండం మీద కనిపిస్తుంది. అడుగు ఆకు ఎండి గడ్డిరంగుకు తిరిగి ఉంటుంది. దాని పై ఆకు కొస నుంచి మొదలు వైపు పసుపుబారుతూ ఉంటుంది. అన్నిటికంటే పైన, వెన్నును అంటిపెట్టుకుని నిటారుగా నిలిచే పోటాకు మాత్రం గింజ పాలు పోసుకుని గట్టిపడేదాకా పచ్చదనం వదలదు. ఈ ఆకులన్నిటికీ వేరు ఒకటే, నీరు ఒకటే, వేసిన ఎరువు ఒకటే. ఎండ మాత్రం సమానంగా పడదు. పోటాకు రోజంతా ఎండలో మాడుతుంది, అడుగు ఆకు నీడలో ఉంటుంది. అయినా ముందుగా పండేది నీడలో ఉన్న ఆకే. ఆకు ఎందుకు ముసలిదవుతుందన్న ప్రశ్నను ఈ వరి మొక్క దగ్గరే మొదలుపెట్టడం మంచిది. ఎందుకంటే ఈ ప్రశ్నకు బాగా ప్రచారంలో ఉన్న జవాబు ఈ మొక్క దగ్గరే మొదటి చిక్కులో పడుతుంది.

ఆ జవాబు ఆక్సిజన్. ఇనుమును తుప్పు పట్టించే వాయువే జీవకణాలను కూడా మెల్లగా కొరుక్కు తింటుందని, ఆ కాటు పోగుపడి పోగుపడి ఆకు పండుతుందని ఈ వాదం చెబుతుంది. ఇందులో నిజం లేకపోలేదు. ఎండ తగిలినప్పుడు పత్రహరితం కాంతిని పట్టి, నీటి అణువును చీల్చి, ఎలక్ట్రాన్లను ఒక వరుసలో ముందుకు నడుపుతుంది. వాటిలో కొన్ని దారి తప్పి, పక్కనే సమృద్ధిగా ఉన్న ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అప్పుడు సూపరాక్సైడ్ పుడుతుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. కాంతితో నిండిన పత్రహరితం తన శక్తిని నేరుగా ఆక్సిజన్‌కు అప్పగిస్తే సింగ్లెట్ ఆక్సిజన్ తయారవుతుంది. కొద్ది మైక్రోసెకన్లు మాత్రమే బతికే ఈ చివరిది, ఆ కాస్త సమయంలోనే పొరల్లోని కొవ్వులను, ప్రోటీన్లను పాడుచేయగలదు. వీటన్నిటినీ కలిపి క్రియాశీల ఆక్సిజన్ అణువులు అంటారు. ఇవి పుట్టే వేగం వీటిని అణచే శక్తిని మించిపోయిన స్థితే ఆక్సీకరణ ఒత్తిడి. వెలుగులో ఉన్న హరితరేణువులు ఆక్సిజన్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చగలవని అలన్ మెలర్ 1951లో చూపించాడు. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్‌లు సూపరాక్సైడ్‌ను అణచే ఎంజైమును, అంటే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను గుర్తించారు. ఈ రెండిటికీ నడుమ, 1956లో డెన్హమ్ హర్మన్ జంతువుల ముసలితనానికంతటికీ ఇలాంటి అణువులే కారణమన్న సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాడు. ఆకు విషయంలోనూ ఆ సిద్ధాంతం సులభంగా అతికినట్టు కనిపించింది.

అతికినట్టు కనిపించడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. భువనేశ్వర్‌లోని ఉత్కల్ విశ్వవిద్యాలయంలో ఎం. కర్, డి. మిశ్రా వరి ఆకులను తెంపి, అవి పండుతున్న కొద్దీ ఎంజైములను కొలిచి 1976లో ఫలితాలు ప్రకటించారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టే కెటలేజ్ పని ఆకు పండేకొద్దీ తగ్గిపోయింది, పెరాక్సిడేజ్ పని పెరిగింది. అంటే వరి ఆకు పండేటప్పుడు దాని రక్షణ వ్యవస్థ తారుమారు అవుతుందని మన పొరుగునే, మన పంట మీదే, అర్ధ శతాబ్దం కింద తేలింది. ఆ తర్వాత నీటి ఎద్దడి మీద చేసిన పనులూ అదే వైపు చూపాయి. అట్టిపల్లి రామచంద్రారెడ్డి, చైతన్య, వివేకానందన్ 2004లో రాసిన సమీక్ష ప్రపంచవ్యాప్తంగా ఉదహరించబడింది. బెట్టలో ఆకు రంధ్రాలు మూసుకుని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాకపోతే, వాడకం లేని ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ మీదకు మళ్లి ఒత్తిడిని ఎలా పెంచుతాయో అందులో సమగ్రంగా వివరించారు. బెట్టకు వచ్చిన చేనులో ఆకులు ముందుగా పండుతాయని రైతుకు ముందే తెలుసు. ఎద్దడి, ఆక్సీకరణ, పండడం ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి కాబట్టి మొదటిది రెండోదానికి, రెండోది మూడోదానికి కారణమని అనుకోవడం సహజం.

అయితే వెంట రావడం వేరు, కారణం కావడం వేరు. ఈ అధ్యాయంలో నిలబెట్టదలచిన వాదం ఇది: ఆకు ఆక్సిజన్ కాటుకు అరిగిపోయి పండదు. పండే సమయాన్ని మొక్క నిర్ణయిస్తుంది, ఆ నిర్ణయాన్ని ఆకు అంతటికీ చేరవేయడానికి క్రియాశీల ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. హద్దులో ఉన్నంత వరకూ అది కబురు, హద్దు దాటితేనే గాయం. ఈ తేడా తెలియకపోతే పొలంలో కనిపించే పసుపు రంగు ప్రతిసారీ రోగంలాగే కనబడుతుంది.

మొదట వరి మొక్క వేసిన చిక్కునే తీసుకుందాం. ఆక్సిజన్ కాటే కారణమైతే, ఎక్కువ ఎండ తిని ఎక్కువ ఎలక్ట్రాన్లను పారబోసే పోటాకు ముందు పండాలి. అలా జరగదు. అడుగు ఆకు వయసులో పెద్దది కాబట్టి ముందు పండిందని జవాబు చెప్పవచ్చు. ఆ జవాబు సరైనదైతే వయసు మీరిన ఆకును ఏ ఉపాయమూ తిరిగి పచ్చబరచలేదు, ఎందుకంటే తుప్పు వెనక్కి పోదు. కానీ పొగాకు జాతి మొక్కలో పసుపుబారిన అడుగు ఆకును ఉంచి, దానికి పైనున్న కాండాన్ని నరికేస్తే, ఆ ఆకు మళ్లీ పచ్చబడుతుందని, పాడైన హరితరేణువులు తిరిగి పూర్తి రూపం పొందుతాయని 1999లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాలు చూపాయి. సోయా చిక్కుడులో కాయలను ఎప్పటికప్పుడు తుంచేస్తూ పోతే, పక్క చాళ్లలోని మొక్కలు ఎండిపోయినా ఆ మొక్క ఆకులు పచ్చగానే నిలుస్తాయి. రెండు చోట్లా ఆకు వయసు తగ్గలేదు, ఎండా తగ్గలేదు. మారింది ఆ ఆకు నుంచి సరుకు అడిగే పై భాగం మాత్రమే. అడిగేవాళ్లు లేనప్పుడు ఆకు పండే పని వాయిదా పడుతోంది. అరుగుదలకు ఇలాంటి విచక్షణ ఉండదు.

ఇంకా లోతైన ఆధారం ఆరబిడాప్సిస్ అనే మొక్క నుంచి వచ్చింది. ఇది ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క, ప్రయోగశాలల్లో పెంచడం తేలిక. జర్మనీలోని ట్యూబింగన్ విశ్వవిద్యాలయంలో ఉల్రీకె జెంట్‌గ్రాఫ్ బృందం, ఈ మొక్క పూకాడ వేసే సమయానికి ఆకుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్కసారి పెరిగి శిఖరానికి చేరుతుందని గమనించింది. ఎందుకు పెరిగిందని వెతికితే, పుట్టుబడి పెరగడం కంటే ముందు అణచివేత తగ్గినట్టు తేలింది. సెకనుకు లక్షల అణువులను విడగొట్టగల కెటలేజ్ సరిగ్గా అప్పుడే తగ్గుతోంది. అది కూడా పాడై తగ్గడం లేదు. జీబీఎఫ్1 అనే ఒక నియంత్రణ ప్రోటీన్ కెటలేజ్ జన్యువు మీద కూర్చుని దాని పనిని తగ్గిస్తోంది. 2010లో ఆ బృందం జీబీఎఫ్1 పనిచేయని మొక్కలను పరీక్షించింది. వాటిలో కెటలేజ్ తగ్గలేదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పెరగలేదు, ఆకులు పండడం ఆలస్యమైంది. కర్, మిశ్రా 1976లో వరి ఆకులో చూసిన కెటలేజ్ పతనానికి ఇక్కడ కొత్త అర్థం దొరుకుతోంది. ఆకు బలహీనపడి రక్షణను కోల్పోయిందని మనం అనుకున్నాం. కనీసం ఈ మొక్కలో, సమయం చూసి రక్షణను తగ్గించుకున్నది మొక్కే.

దీని మీద న్యాయమైన అభ్యంతరం ఒకటి రావచ్చు. మొక్క తానే తలుపు తెరిచినా, లోపలికి వచ్చి నాశనం చేసేది ఆక్సిజనే కదా, ఎవరు పిలిచినా నిప్పు నిప్పే కదా అని. ఈ అభ్యంతరానికి జ్యూరిక్‌లో క్లాస్ ఏపెల్ బృందం 2004లో చేసిన ప్రయోగం సూటిగా జవాబిస్తుంది. ఫ్లూ అనే పేరున్న ఆరబిడాప్సిస్ రకంలో ఒక లోపం ఉంది. దాన్ని కొంతసేపు చీకట్లో ఉంచి వెలుగులోకి తెస్తే పత్రహరితానికి ముందు దశలోని పదార్థం పోగుపడి, సింగ్లెట్ ఆక్సిజన్ ఒక్కసారిగా పుడుతుంది. చిన్న మొలకలు చనిపోతాయి. సింగ్లెట్ ఆక్సిజన్ వాటిని కాల్చి చంపిందని ఎవరైనా అంటారు. అయితే అదే రకంలో ఎగ్జిక్యూటర్1 అనే మరో జన్యువును కూడా నిలిపివేసినప్పుడు సింగ్లెట్ ఆక్సిజన్ అంతే పుట్టింది, మొలకలు మాత్రం బతికాయి. మోతాదు మారలేదు, ఫలితం మారింది. అంటే ఆ మోతాదులో మొక్కను చంపింది ఆక్సిజన్ చేసిన గాయం కాదు. ఆక్సిజన్ తెచ్చిన కబురును విని మొక్క తనలో మొదలుపెట్టుకున్న చర్య. ఈ ప్రయోగం తర్వాత క్రియాశీల ఆక్సిజన్‌ను విషంగా మాత్రమే చూడడం సాధ్యం కాలేదు.

మొక్క తన ఆకును తానే ఎందుకు పండించుకుంటుంది? జవాబు నత్రజనిలో ఉంది. వరి, గోధుమ వంటి పంటల ఆకుల్లో ఉన్న నత్రజనిలో దాదాపు నాలుగింట మూడు వంతులు హరితరేణువుల్లోనే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో అనే ఒక్క ప్రోటీనే దానిలో పెద్ద వాటా తీసుకుంటుంది. వెన్ను ఈనిన తర్వాత వేరు తెచ్చే నత్రజని గింజలకు సరిపోదు. గింజలోని ప్రోటీన్‌లో అధిక భాగం ఆకులను విప్పగా వచ్చిన సరుకుతోనే తయారవుతుంది. మన కంచంలోని అన్నంలో ఉన్న ప్రోటీన్ చాలావరకు ఒకప్పుడు వరి ఆకుల్లో పచ్చగా పనిచేసిందే. ఇల్లు ఖాళీ చేసే కుటుంబం చివరి సామాను బండెక్కేదాకా దీపం ఆర్పనట్టు, ఆకు కూడా ప్రోటీన్లను విడగొట్టి, అమైనో ఆమ్లాలుగా ఈనెల గుండా పంపేదాకా తన కణాలను బతికించుకోవాలి. ఈ పని జరగాలంటే కణానికి శక్తి కావాలి, కేంద్రకం చివరిదాకా ఆజ్ఞలివ్వాలి, పొరలు చెదరకుండా ఉండాలి. ఆక్సిజన్ విచ్చలవిడిగా కాల్చిన కణం ఇవేవీ చేయలేదు. కాబట్టి పండడం విజయవంతంగా ముగియాలంటే ఆక్సీకరణను కట్టడిలో ఉంచడం ఆకుకు పచ్చగా ఉన్నప్పటికంటే ఎక్కువ అవసరం.

ఆ కట్టడిలో అతి ప్రమాదకరమైన ఘట్టం పత్రహరితాన్ని విడగొట్టడం. ప్రోటీన్లతో కట్టుబడి ఉన్నంతసేపూ పత్రహరితం కాంతిని క్రమంగా వాడుతుంది. ప్రోటీన్లు విడిపోగానే పట్టుకున్న కాంతిని ఆక్సిజన్ మీదికి విసిరి సింగ్లెట్ ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. అందుకే ఆకు దాన్ని మొదట మెగ్నీషియం తీసేసి, తర్వాత వలయాన్ని తెంచి, చివరికి రంగులేని, కాంతికి స్పందించని పదార్థాలుగా మార్చి కణంలోని రసపు సంచిలో దాస్తుంది. ఈ రంగులేని పదార్థాల నిర్మాణం 1991లో బార్లీ ఆకుల నుంచి మొదటిసారి బయటపడింది. వలయాన్ని తెంచే ఎంజైము లోపించిన మొక్కజొన్నలో ఏం జరుగుతుందో ప్రకృతే చూపిస్తుంది. ఆ ఆకుల మీద మాడిన మచ్చలు పుట్టి వ్యాపిస్తాయి, ఎండ ఎంత ఎక్కువైతే మచ్చలు అంత వేగంగా పాకుతాయి. నీడలో కప్పిన భాగం బాగానే ఉంటుంది. కాబట్టి ఆకు పసుపుబారడం గాయపు గుర్తు కాదు, గాయం నుంచి తప్పించుకునే పద్ధతి. లోపల ఎప్పటి నుంచో ఉన్న పసుపు వర్ణకాలు, పచ్చదనం జాగ్రత్తగా తొలగించబడ్డాక, పైకి కనిపిస్తాయి.

సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల పత్తి చేలలో చలి మొదలయ్యాక ఆకులు ఎర్రబారడం కూడా ఈ వెలుగులోనే అర్థమవుతుంది. ఆ ఎరుపు యాంథోసయనిన్ అనే వర్ణకానిది. అది ఆకు పైపొరల్లో చేరి కొంత కాంతిని అడ్డుకుంటుంది. ఆకురాల్చే పొదల్లో యాంథోసయనిన్ చేయలేని రకాలను మామూలు రకాలతో పోల్చి 2003లో అమెరికాలో హాక్, సింగ్‌సాస్, మెక్‌కౌన్ చేసిన ప్రయోగంలో, చలి, తీవ్రమైన ఎండ కలిసినప్పుడు ఎరుపు లేని ఆకులు తమ నత్రజనిని తక్కువగా వెనక్కి పంపగలిగాయి. ఎర్రబారిన ఆకులు నీడను తామే సృష్టించుకుని సరుకు పంపే పనిని పూర్తి చేశాయి. పత్తిలో ఎరుపుకు మెగ్నీషియం లోపం ముఖ్య కారణాల్లో ఒకటి. మెగ్నీషియం తక్కువైతే ఆకు చేసిన చక్కెర కాయల వైపు సరిగా కదలదు. చక్కెర ఆకులోనే పేరుకుంటే ఎలక్ట్రాన్లకు వాడకం తగ్గి ఆక్సిజన్ మీదకు మళ్లుతాయి. ఎరుపు అక్కడ రోగం కాదు, ముప్పు పెరిగిందని ఆకు తీసుకున్న జాగ్రత్త. అందుకే లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చేయమనే సిఫారసు సరైన చోట తగులుతుంది. అది రంగును తుడిచే మందు కాదు, చక్కెర కదలికను నిలబెట్టే పోషకం.

ఇప్పుడు ఈ వాదానికి ఎదురయ్యే బలమైన అభ్యంతరం దగ్గరికి వద్దాం. ఇదంతా మొక్క చేసే క్రమబద్ధమైన పని అయితే, పొలంలో కళ్లెదుట కనిపించే నిజమైన ఆక్సీకరణ గాయాల మాటేమిటి? యాసంగి వరినే చూడండి. డిసెంబరు, జనవరి చలిలో నాటిన వరికి నేల నుంచి జింకు సరిగా అందదు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పై నుంచి మూడో, నాలుగో ఆకు మీద ఈనె పాలిపోయి తుప్పు రంగు మచ్చలు వస్తాయి. వరిలో ఈ జబ్బుకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్‌లో వై. ఎల్. నెనె గుర్తించాడు. సూపరాక్సైడ్‌ను అణచే ఎంజైముల్లో ముఖ్యమైనదానికి జింకు, రాగి లేకపోతే పని జరగదు. జర్మనీలో మార్ష్‌నర్, చాక్‌మాక్ 1989లో ఇంకా స్పష్టమైన ప్రయోగం చేశారు. జింకు, పొటాష్, మెగ్నీషియం లోపించిన చిక్కుడు మొక్కల్లో ఆకులో కొంత భాగాన్ని నీడలో పెట్టారు. ఒకే ఆకు, ఒకే లోపం ఉన్నా, ఎండ పడిన భాగమే పాలిపోయి మాడింది, నీడలో ఉన్న భాగం పచ్చగా మిగిలింది. లోపం ఒక్కటే కారణమైతే రెండు భాగాలూ సమానంగా చెడాలి. కాబట్టి ఎండ, ఆక్సిజన్ కలిసి చేసిన గాయం నిజమే. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఈ ఆధారాన్ని పూర్తిగా ఒప్పుకుంటూనే, అది ఏ ప్రశ్నకు జవాబో గుర్తించాలి. ఆకు ఎలా గాయపడుతుందన్న ప్రశ్నకు అది జవాబు. ఆకు ఎలా పండుతుందన్న ప్రశ్న వేరు. రెండూ ఎండుటాకుతోనే ముగుస్తాయి కాబట్టి మనం వాటిని ఒకటిగా చూస్తున్నాం. ఉమ్మడి కరీంనగర్ ప్రాంతంలో ఈ తేడాను చూపే రెండు ఎండుటాకులు అందరికీ తెలిసినవే. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు చేలలో జనవరి తర్వాత ఆకు పసుపుబారి, వాలి, ఎండుతుంది. ఆ ఎండుదలే దుంప తవ్వకానికి వచ్చిందన్న గుర్తు. చనిపోయే ముందు ఆ ఆకు తన సరుకులో పంపదగ్గదాన్ని దుంపకు పంపింది. అడవిలో తునికి కొమ్మలను ఫిబ్రవరి, మార్చిలో కొట్టేస్తే కొత్త చిగుళ్లు వచ్చి, ఏప్రిల్, మే నెలల్లో తెంపడానికి తగిన వయసుకు వస్తాయి. కట్టకు 50 ఆకులు పెట్టి కల్లంలో ఎండబెడతారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో వేల మంది ఆడవాళ్లు బీడీ చుట్టేది ఆ ఆకుతోనే. తునికాకు కూడా ఎండుటాకే, కానీ అది పండలేదు. సరుకు పంపడానికి కొమ్మ లేదు, నీరు పోయి కణాలు కూలాయి, ఉన్నదంతా ఆకులోనే ఉండిపోయింది. జింకు లోపపు మచ్చ, మధ్యాహ్నపు ఎండకు మాడిన కొస తునికాకు వరుసకు చెందుతాయి. కోతకు వచ్చిన వరి అడుగు ఆకు పసుపు చేను ఆకు వరుసకు చెందుతుంది.

ఈ రెండిటి నడుమ హద్దు ఒకేచోట నిలకడగా ఉండదు, అక్కడే అసలు సమస్య. బెట్ట వచ్చినప్పుడు మొక్క కొన్ని ఆకులను ముందే పండించి, నీటి ఖర్చు తగ్గించుకుని, ఉన్న సరుకును గింజకు తరలిస్తుంది. అడవి మొక్కకు ఇది తెలివైన లెక్క, నాలుగు గింజలైనా మిగిలితే వంశం నిలుస్తుంది. రైతుకు నాలుగు గింజలు చాలవు. మొక్క అవసరానికి మించి తొందరపడుతోందని అనుమానించి, 2007లో రివెరో, బ్లూమ్‌వాల్డ్ బృందం పొగాకులో ఆకు పండడాన్ని ఆపే సైటోకైనిన్ అనే హార్మోన్‌ను ఎద్దడి వచ్చినప్పుడు మాత్రమే తయారుచేసుకునేట్టు జన్యువు మార్చింది. మామూలు మొక్కలు చనిపోయిన బెట్టను ఈ మొక్కలు తట్టుకుని, నీరు ఇవ్వగానే తిరిగి కోలుకున్నాయి. ఆక్సిజన్ వల్లనే ఆకులు చనిపోయి ఉంటే నిర్ణయం వాయిదా వేసినంత మాత్రాన అవి బతికేవి కావు. యాసంగి చివర్లో, కాలువ నీరు తగ్గి, మార్చి, ఏప్రిల్ ఎండ గింజ పాలు పోసుకునే దశ మీద పడినప్పుడు, మన వరి కూడా ఇదే తొందరలో పడుతుంది. పోటాకు ముందే పండితే గింజ నిండదు, తాలు పెరుగుతుంది.

అయితే పండడాన్ని ఎప్పటికీ ఆపేస్తే బాగుంటుందా? ఇది మూడో అభ్యంతరం, పైన చెప్పిన వాదంలోంచే పుట్టే అభ్యంతరం. దీనికి జవాబు జాగ్రత్తగా చెప్పాలి. పచ్చదనం బతుకుకు నమ్మదగిన సాక్ష్యం కాదు. మెండెల్ ప్రయోగాలు చేసిన బఠాణీల్లో పచ్చగా ఉండిపోయిన గింజల రహస్యం 2007లో బయటపడింది. వాటిలో పత్రహరితాన్ని విడగొట్టే పని మొదలుపెట్టే జన్యువు పనిచేయదు. ఆకులైనా గింజలైనా వయసు మామూలుగానే మీరుతుంది, రంగు మాత్రం పోదు. నిజంగా పని కొనసాగించే పచ్చదనం వేరు. వరిలో ఓఎస్‌నాప్ అనే నియంత్రణ జన్యువు పనిని తగ్గించి చైనా శాస్త్రవేత్తలు 2014లో ప్రకటించిన రకాల్లో ఆకులు ఆలస్యంగా పండి, దిగుబడి సుమారు 6 నుంచి 10 శాతం పెరిగింది. గోధుమలో ఇందుకు భిన్నమైన పాఠం ముందే వచ్చింది. 2006లో ఉవాయ్, డుబ్‌కోవ్‌స్కీ బృందం ఆకును త్వరగా పండించే జన్యువుల పని తగ్గిస్తే, ఆకులు మూడు వారాలకు పైగా ఆలస్యంగా పండాయి, గింజల్లో ప్రోటీన్, జింకు, ఇనుము 30 శాతానికి పైగా పడిపోయాయి. ఆలస్యం గింజల బరువుకు మేలు చేయవచ్చు, గింజలోని పోషణకు కీడు చేయవచ్చు. అందుకే కావలసింది చావని ఆకు కాదు, సరైన రోజున పండే ఆకు. జగిత్యాల పక్కన పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం జగిత్యాల సన్నాలు (జేజీఎల్ 1798), జగిత్యాల రైస్-1 (జేజీఎల్ 24423) వంటి రకాలను రూపొందించేటప్పుడు పంటకాలాన్ని ఎంచింది. పంటకాలాన్ని ఎంచడమంటే, మరో రకంగా, పోటాకు పండే తేదీని ఎంచడమే.

ఈ వాదం నిజమైతే పొలంలో దాని పర్యవసానం ఏమిటి? మొదటిది, ఆక్సిజన్‌ను అణచే మందు ఏదో చల్లితే పంట ఎప్పటికీ పచ్చగా ఉంటుందన్న ఆశకు ఆధారం బలహీనం. క్రియాశీల ఆక్సిజన్ మొక్కకు కబురు కూడా కాబట్టి, కబురును నొక్కేస్తే బెట్టకు, చీడకు స్పందించే శక్తి కూడా తగ్గవచ్చు. కావలసింది అణచివేత కాదు, సమతూకం. నీరు, నత్రజని, జింకు, మెగ్నీషియం, పొటాష్ లోపించనప్పుడు ఆ సమతూకాన్ని మొక్క తానే నిలుపుకుంటుంది. రెండోది, ఏ ఆకు ముందు రంగు మారిందన్నది ఏ రంగుకు మారిందన్నదాని కంటే ఎక్కువ చెబుతుంది. నత్రజని, పొటాష్, మెగ్నీషియంలను మొక్క ముసలి ఆకుల నుంచి తీసి కొత్త ఆకులకు పంపగలదు కాబట్టి వాటి లోపం అడుగు ఆకుల్లో కనిపిస్తుంది. ఇనుమును అలా తరలించలేదు కాబట్టి ఆ లోపం లేత ఆకుల్లో బయటపడుతుంది. ఈ నియమం కంఠతా పట్టవలసిన జాబితా కాదు. ఆకు పండడం అంటే సరుకు వెనక్కి తీసుకోవడమన్న ఒక్క మాట నుంచి దానంతట అదే వస్తుంది. మూడోది, యూరియా ఆలస్యంగా, అతిగా వేసి ఆకును బలవంతంగా పచ్చగా ఉంచడం లాభం కాదు. సరుకు గింజకు చేరవలసిన రోజుల్లో ఆకు దాన్ని పట్టుకుని కూర్చుంటుంది, మెత్తని ఆ పచ్చదనం పురుగును, తెగులును పిలుస్తుంది, చేను పడిపోయే ముప్పు పెరుగుతుంది.

క్రియాశీల ఆక్సిజన్ గురించి దశాబ్దాలుగా పోగైన ఆధారాలన్నీ కలిపి చూస్తే తీర్పు ఇలా నిలుస్తుంది: ఆక్సీకరణ ఒత్తిడి ఆకు ముసలితనానికి మూలకారణం కాదు, అందులో పనిముట్టు. అదుపులో ఉన్నంతసేపు ఆకును గింజగా, దుంపగా మార్చే పనికి సాయపడుతుంది. చలి, బెట్ట, ఎండ, నేలలోని లోపం అదుపు తప్పిస్తే అదే ఆకును పంటకు అక్కరకు రాకుండా కాలుస్తుంది. వ్యవసాయం మీద ప్రేమ ఉన్న ప్రతి పాఠకుడికీ ఒక్క మనవి. చేనులో ఆకు రంగు మారగానే మందు డబ్బా కోసం దుకాణానికి వెళ్లే ముందు, ఆ మార్పు అడుగు నుంచి క్రమంగా వస్తోందా, ఎండ పడిన చోటే మచ్చగా వస్తోందా, గింజ ఏ దశలో ఉందో చూడండి. నేలను పరీక్ష చేయించి లోపం ఏదో తెలుసుకోండి. క్రమంగా పండుతున్న ఆకుకు వైద్యం అక్కరలేదు. కాలిపోతున్న ఆకుకు కావలసింది ఏమిటో నేలే చెబుతుంది.